దివ్యాంగుల మాట ఎత్తిన అభ్యర్థుల్లో ఓటు ఎవరికి? బెజవాడ, గుంటూరు ఓటర్లకు ఒక పోలిక

ప్రచారం మొదలైందంటే బెజవాడలో అన్ని పార్టీలకూ దివ్యాంగులు గుర్తొస్తారు. ఒకరు పింఛను పెంచుతామంటారు. ఇంకొకరు మూడు చక్రాల బండి ఇప్పిస్తామంటారు. మరొకరు వీల్‌చైర్ పక్కన కూర్చుని ఫోటో దిగి వెళ్ళిపోతారు. గుంటూరులోనూ ఇదే తంతు. పార్టీ మీద అభిమానంతో ముందే నిర్ణయించుకున్నవాళ్ళకు ఈ వ్యాసంతో పనిలేదు. "మా ఇంట్లో వైకల్యం ఉన్న మనిషి ఉన్నారు, ఈసారి ఆ లెక్క చూసుకుని ఓటేద్దామంటే ముగ్గురూ ఒకేలా మాట్లాడుతున్నారు" అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

పార్టీల పేర్లు, అభ్యర్థుల పేర్లు కావాలనే వదిలేశాను. ఒకే పార్టీ తరఫున పక్కపక్క డివిజన్లలో నిలబడిన ఇద్దరు ఈ విషయంలో ఉత్తర దక్షిణ ధ్రువాల్లా ఉండొచ్చు. అందుకని పోల్చాల్సింది జెండాలను కాదు, హామీల రకాలను.

ముందు చూడాల్సినవి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇచ్చిన హామీ అతను పోటీ చేస్తున్న పదవి చేతిలో ఉందా? మన ఊళ్ళలో సగం హామీలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. కార్పొరేటర్‌గా నిలబడిన మనిషి పింఛను పెంచుతానంటే చప్పట్లు కొడతాం. ఆ పని అతని పరిధిలోదే కాదు. అదే మనిషి తన వార్డు సచివాలయానికి సరైన ర్యాంపు వేయిస్తానంటే మనకు చిన్నమాటగా తోస్తుంది. అతను నిజంగా చేయించగలిగింది మాత్రం అదే.

| పదవి | చేతిలో ఉన్నవి | చేతిలో లేనివి |
|---|---|---|
| కార్పొరేటర్ | ఫుట్‌పాత్‌లు, పార్కులు, కమ్యూనిటీ హాళ్ళు, పబ్లిక్ టాయిలెట్లు, కార్పొరేషన్ బడుల గురించి కౌన్సిల్‌లో పట్టుబట్టడం, బిల్డింగ్ ప్లాన్ల మీద నిలదీయడం | పింఛను మొత్తం, వైకల్య శాతం |
| ఎమ్మెల్యే | రాష్ట్ర పథకాలు, బ్యాక్‌లాగ్ (భర్తీ కాకుండా మిగిలిపోయిన) పోస్టులు, సదరం (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే) క్యాంపులు, ఆర్టీసీ సదుపాయాల మీద అసెంబ్లీలో మాట, అధికారుల మీద ఒత్తిడి | డాక్టర్లు వేసే శాతం, కేంద్ర పథకాల నిబంధనలు |
| ఎంపీ | ఏటా 5 కోట్ల ఎంపీ నిధులు, కేంద్ర పథకాలను సమీక్షించే జిల్లా దిశ కమిటీ, రైల్వే స్టేషన్లు, పార్లమెంటులో ప్రశ్న | వీధిలో కాలువ, రాష్ట్ర పింఛను |

ఒక హెచ్చరిక. కార్పొరేటర్ ఒక్కడే ఏదీ చేయలేడు. 2021 ఎన్నికల నాటికి విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. అన్ని గొంతుల్లో అతనిది ఒకటి. మంచి మనసున్న స్వతంత్ర అభ్యర్థికి, కౌన్సిల్‌లో మెజారిటీ వచ్చేలా ఉన్న పార్టీ మనిషికి మధ్య తేడా ఇక్కడే పడుతుంది.

రెండోది: అది కొత్త హామీయా, చట్టంలో ఇప్పటికే ఉన్న హక్కా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల సీట్లలో 5 శాతం రిజర్వేషన్ పెట్టింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. వీటినే తన సొంత వరాల్లా చెప్పే అభ్యర్థి చట్టం చదవలేదని అర్థం. లేదా మనం చదవలేదని అతని నమ్మకం. "చట్టంలో ఉంది, ఇక్కడ అమలు కావడం లేదు, ఫలానా ఆఫీసులో ఆగింది" అనే అభ్యర్థిని కాస్త నిలబెట్టి మాట్లాడించండి.

మూడోది: 21 రకాల్లో ఎన్ని అతని నోట వస్తున్నాయి? మన ప్రచారాల్లో దివ్యాంగుడంటే ట్రైసైకిల్ మీద కూర్చున్న మనిషే. చెవులు వినపడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఆటిజం ఉన్న పిల్లలు, తలసేమియా బాధితులు, మానసిక వ్యాధితో ఉన్నవాళ్ళు ఆ ఫోటోల్లో కనపడరు. చట్టంలో మాత్రం అందరూ ఉన్నారు.

గడువు చెప్పాడా, డబ్బు ఎక్కడిదో చెప్పాడా అన్నది నాలుగోది. ఏ హామీకైనా అడగాల్సిందే కాబట్టి దీని మీద ఎక్కువ రాయను.

ఇప్పుడు మన వీధుల్లో తిరిగే అభ్యర్థుల రకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

పింఛను పెంచుతానన్న అభ్యర్థి

ఇది ఉత్తమాట అని కొట్టిపారేయలేం. 2024 ఎన్నికల్లో హామీగా వచ్చిన పెంపు ఆ జూలైలోనే చేతికి అందింది. దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్ళకు 15,000 చేశారు. నెల మొదట్లో ఇంటికొచ్చే ఆ డబ్బుతో మందులు కొనుక్కునే ఇళ్ళు సింగ్‌నగర్‌లో ఉన్నాయి, లాలాపేటలో ఉన్నాయి. వాళ్ళకు మిగతా హామీలన్నీ దీని తర్వాతే. అందులో తప్పేమీ లేదు.

ఐతే ఈ మాట ఎవరి నోట వచ్చిందో చూడాలి. ఎమ్మెల్యే అభ్యర్థి తన పార్టీ మేనిఫెస్టోలో అచ్చయిన అంకె చెప్తే దానికి విలువ ఉంది. మేనిఫెస్టోలో లేని అంకెను ప్రచార రథం మీద నిలబడి చెప్తే ఆ విలువ లేదు. కార్పొరేషన్ ఎన్నికల్లో చెప్తే అది అరచేతిలో వైకుంఠమే.

ఎంపీ అభ్యర్థిని అడగాల్సింది వేరే ఉంది. పేద కుటుంబాల్లో 80 శాతం వైకల్యం ఉన్నవాళ్ళకు ఇచ్చే కేంద్ర పింఛనులో కేంద్రం వాటా నెలకు 300 రూపాయలు. పదేళ్ళు దాటినా అది కదల్లేదు. "ఈ 300 గురించి పార్లమెంటులో ఎప్పుడు అడుగుతారు?" అంటే తెల్లమొహం వేసేవాళ్ళే ఎక్కువ. వేయనివాళ్ళు దొరికితే గుర్తు పెట్టుకోండి.

"ఉన్న పింఛను పోనివ్వను" అన్నది ఇందులోనే ఇంకో రకం. 2025లో పింఛన్లను మళ్ళీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులిచ్చారు కాబట్టి ఈ మాట వినగానే టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. వైకల్య శాతం వేసేది మాత్రం డాక్టర్లు. ఎమ్మెల్యే కాదు, మంత్రీ కాదు. ఆ శాతాన్ని మార్పిస్తానన్నవాడు అబద్ధమైనా చెప్తున్నట్టు, తప్పు పనైనా చేయబోతున్నట్టు. అప్పీలు కాగితాలు రాయించి పెడతాను, సదరం స్లాటు దొరికేలా చూస్తాను, మంచంలో ఉన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి ఏర్పాటు చేస్తాను అన్నవాడు తన చేతిలో ఉన్న పని చెప్తున్నట్టు. ఇద్దరిలో మొదటివాడికే జనం ఎక్కువగా పడిపోతారు. జాగ్రత్త.

బండి ఇప్పిస్తానన్న అభ్యర్థి

ట్రైసైకిల్, మోటారు మూడు చక్రాల బండి, వీల్‌చైర్, వినికిడి మిషన్. కంటికి కనపడేవి, ఫోటోకు పనికొచ్చేవి. పని చేసుకుని బతికేవాడికి బండి అంటే కాళ్ళు వచ్చినట్టే. కాబట్టి ఈ హామీని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఇవి ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే పోల్చడం తేలిక. ఇలాంటి పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం ఉంది. రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సహాయ సంస్థ ద్వారా వచ్చేవి ఉన్నాయి. ఎంపీ నిధులతోనూ కొనొచ్చు. వీటిలో శాతం, వయసు, ఆదాయం లాంటి నిబంధనలు ఉంటాయి. వాటిని చూసుకోకుండా "అందరికీ ఇప్పిస్తా" అన్న అభ్యర్థి రేపు మిమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతాడు. సొంత డబ్బుతో కొనిస్తానంటే ఆ దానానికి వచ్చే ఏడు కొనసాగింపు ఉండదు. ఎన్నికల కోడ్ వచ్చాక పంచితే అది దానం కూడా కాదు, ప్రలోభం.

నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: "రెండేళ్ళకు బ్యాటరీ పోతే ఎవరు మారుస్తారు?" బండి ఇచ్చిన రోజు పూలదండలు వేస్తారు. బ్యాటరీ చచ్చాక అదే బండి అరుగు పక్కన బట్టలారేసుకోవడానికి పనికొస్తుంది. నగరంలో ఒక రిపేరు కేంద్రం పెట్టిస్తానన్న అభ్యర్థి వంద బండ్లు పంచుతానన్నవాడికంటే నాకు నచ్చుతాడు.

పనులు చేయిస్తానన్న అభ్యర్థి

ఇక్కడ కాసేపు ఆగాలి. కార్పొరేషన్ ఎన్నికల్లో అసలు పోటీ జరగాల్సింది దీని మీదే.

ర్యాంపుతో మొదలుపెడదాం. ప్రమాణం ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. గుమ్మం రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు. చాలాచోట్ల నాలుగు మెట్ల పక్కన నాలుగు అడుగుల వాలు పోసి "ర్యాంపు కట్టాం" అంటున్నారు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. వెనక ఇద్దరు పట్టుకుంటే తప్ప వీల్‌చైర్ దాని మీద నిలవదు. అభ్యర్థి ర్యాంపు మాట ఎత్తితే "వాలు ఎంతన్నా?" అని అడగండి. ఆ ఒక్క జవాబుతో అతను ఎవరినైనా అడిగి తెలుసుకుని వచ్చాడా, మైకులో నోటికొచ్చింది చెప్తున్నాడా తెలిసిపోతుంది.

చట్టం ఇక్కడ గట్టిగానే ఉంది. వైకల్యం ఉన్నవాళ్ళు వాడుకోగలిగే నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదు. అప్పటికే ఉన్న ప్రభుత్వ, ప్రజా భవనాలను సరిచేయడానికి నిబంధనలు వచ్చిన 2017 నుంచి ఐదేళ్ళు గడువిచ్చారు. ఆ గడువు 2022లోనే దాటింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించేలా ఉండాలని కేంద్రానికి చెప్పింది. ప్లాన్లు పాస్ చేసే టౌన్ ప్లానింగ్ విభాగం కార్పొరేషన్‌లోనే ఉంది కదా. కౌన్సిల్లో కూర్చునే మనిషి "గత ఏడాది అనుమతి ఇచ్చిన పెద్ద భవనాల్లో ఎన్నిటికి ర్యాంపు, లిఫ్టు, దివ్యాంగుల టాయిలెట్ ఉన్నాయో లెక్క చెప్పండి" అని ఒక్కసారి నిలదీస్తే చాలు, ఫైళ్ళు కదుల్తాయి. పైసా ఖర్చు లేని పని ఇది. దీన్ని హామీగా చెప్పే అభ్యర్థి అరుదు.

బెజవాడకు ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది, కొండ. వన్‌టౌన్, చిట్టినగర్, మొగల్రాజపురం, గుణదల కొండవాలు ఇళ్ళలో ఉండే వృద్ధులకు, నడవలేనివాళ్ళకు కిందికి దిగడమే ఒక ప్రయాణం. అక్కడ ర్యాంపు హామీ నవ్వులాటే. ఆ వాలు మీద ఇరవై నాలుగు అడుగుల ర్యాంపుకు చోటేదీ? అక్కడ పనికొచ్చే హామీలు వేరు: మెట్ల పక్క రెండువైపులా పట్టుకునే కమ్మీలు, విరిగిన మెట్ల మరమ్మతు, రాత్రి వెలుతురు, రేషను, మందులు పైకి చేర్చే ఏర్పాటు, కోరుకున్నవాళ్ళకు కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇల్లు. పథకాల కింద భూమి, ఇళ్ళ కేటాయింపులో దివ్యాంగులకు 5 శాతం చట్టంలోనే ఉంది. కొండ మీద ఓట్లడుగుతూ కింద రోడ్డుకు ఫుట్‌పాత్ వేయిస్తానన్న అభ్యర్థి ఆ మెట్లు మళ్ళీ ఎక్కబోడని అనుకోవచ్చు.

వరద సంగతి కూడా ఇందులోదే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ముంచెత్తాయి. అలాంటప్పుడు నడవగలిగినవాళ్ళు డాబా ఎక్కుతారు. మంచంలో ఉన్నవాళ్ళను ఎవరో ఒకరు ఎత్తుకెళ్ళాలి. ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారో ముందే తెలిస్తేనే అది సాధ్యం. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలని, ప్రమాదం ఉంటే వాళ్ళకు తెలియజేయాలని 2016 చట్టం చెప్తుంది. "మన డివిజన్ జాబితా ఉందా? చెవులు వినపడని ఇంటికి మైకు హెచ్చరిక ఎలా చేరుతుంది?" అన్నది ఆ ప్రాంతాల్లో ప్రతి అభ్యర్థినీ అడగాల్సిన ప్రశ్న.

గుంటూరులో కొండ బాధ లేదు. అక్కడి గొడవ ఫుట్‌పాత్‌ది. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం రోడ్లలో బండ్లు, బోర్డులు దాటుకుంటూ తెల్లకర్రతో నడవడం ఎంత కష్టమో ఊహించండి. ఆక్రమణలు తొలగిస్తానన్న అభ్యర్థికి చిరువ్యాపారుల ఓట్లు పోతాయి. కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పరు. తోపుడు బండ్ల వాళ్ళకు చోటు చూపించి దారి ఖాళీ చేయిస్తానని రెండూ కలిపి చెప్పిన మనిషి ఉంటే ఆలోచించినవాడన్నమాట.

ఈ రకం అభ్యర్థితో ఉన్న లోపం, పని ఆలస్యం. టెండరు, బిల్లు, కాంట్రాక్టరు. ఐదేళ్ళలో సగం కాకపోవచ్చు. పింఛనులా ఫలానా తేదీకి చేతికి రాదు.

మన కష్టం తెలిసిన అభ్యర్థి

తానే దివ్యాంగుడో, ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులో నిలబడితే చాలామంది వేరే ఆలోచన లేకుండా అటు మొగ్గుతారు. నాకూ ఆ మొగ్గు ఉంది. చెప్పకుండానే అర్థం చేసుకునే మనిషి కౌన్సిల్లో ఒక్కరున్నా సమావేశం జరిగే హాలే మారుతుంది, కనీసం వాళ్ళ కోసమైనా ర్యాంపు వేయాలి కాబట్టి.

ఐనా రెండు చూడాలి. పోలియో ఉన్న మనిషికి ఆటిజం బిడ్డ తల్లి కష్టం దానంతటదే తెలియదు. ఆమెకు చూపులేని నిరుద్యోగి కష్టం తెలియదు. వాళ్ళు మిగతావాళ్ళను కలిసి అడిగారా? ఇక పార్టీ ఆ టికెట్టు గెలిచే చోట ఇచ్చిందా, ఎలాగూ ఓడిపోయే చోట ఇచ్చి పేపర్లో ఫోటో వేయించుకుందా?

ఏమీ చెప్పని అభ్యర్థి

దివ్యాంగుల పేరే ఎత్తడు. గతంలో పదవిలో ఉన్నప్పుడు మాత్రం ఫోను ఎత్తేవాడు, సచివాలయం చుట్టూ తిరగకుండా పని చేయించేవాడు. ఇలాంటివాళ్ళను తీసిపారేయకండి. అప్పట్లో సదరం స్లాటుకో, సర్టిఫికెట్‌కో అతని దగ్గరికి వెళ్ళినవాళ్ళు మీ వీధిలోనే ఉంటారు, వాళ్ళనడగండి.

మీ ఇంటి పరిస్థితిని బట్టి

ఇంట్లో సంపాదన లేక, పింఛనే ఆధారమైతే అసెంబ్లీ ఎన్నికల్లో మేనిఫెస్టో అంకెకు ఎక్కువ బరువు వేయండి. కార్పొరేషన్ ఎన్నికల్లో ఆ అంకెను పూర్తిగా పక్కన పెట్టి, నోటీసు వస్తే అప్పీలుకు తోడొచ్చేది ఎవరో చూడండి.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ రోజూ బయట తిరిగేవాళ్ళకు పనుల అభ్యర్థే మేలు. బందరు రోడ్డులో ఫుట్‌పాత్ బాగుపడితే వచ్చే లాభం నెల నెలా లెక్కకు రాదు గానీ, ఆటో డబ్బులు మిగిలినప్పుడు తెలుస్తుంది.

చిన్న పిల్లలున్న తల్లిదండ్రుల లెక్క వేరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బండ్లు, ర్యాంపులు అంతగా అక్కరకు రావు. ఇలాంటి పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రంలో టీచరు రోజూ వస్తున్నారా, ఫిజియోథెరపీ దొరుకుతోందా, లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమా గురించి ఎవరైనా చెప్పారా, మనం పోయాక బిడ్డను చూసుకునే చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే కలెక్టర్ కమిటీ సమావేశమవుతోందా అన్నవి వాళ్ళ ప్రశ్నలు. వీటి పేర్లు కూడా తెలియని అభ్యర్థులే ఎక్కువ. తెలియకపోవడం కన్నా, చెప్పినప్పుడు రాసుకున్నాడా లేదా అన్నది చూడండి.

డిగ్రీ, పీజీ చదివే యువతకు, ముఖ్యంగా నాగార్జున యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండేవాళ్ళకు, 5 శాతం సీట్లు నిండుతున్నాయా, పరీక్షకు సహాయకుడు దొరుకుతున్నాడా, 4 శాతం బ్యాక్‌లాగ్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడు అన్నవే ముఖ్యం. ఇవి ఎమ్మెల్యే స్థాయి మాటలు. కార్పొరేటర్‌ను అడిగి టైము వృథా చేసుకోవద్దు.

ప్రచారం తీరే సగం చెప్తుంది

మీటింగ్ దగ్గర వేదిక కిందనే వీల్‌చైర్లను వరసగా పెట్టించి, వాళ్ళను ఒక్క మాటా మాట్లాడనివ్వకపోతే ఆ అభ్యర్థికి కావలసింది ఫోటో. సైగల భాష తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టినా, కరపత్రంలో ఉన్నదాన్ని ఆడియోగా వాట్సాప్‌లో పంపినా ఆలోచన ఉన్నట్టు. ఇక ఎదుటి పార్టీని తిట్టడానికి "గుడ్డి ప్రభుత్వం", "కుంటి పాలన" అనడం మన వేదికల మీద మామూలైపోయింది. ఇలా వైకల్యాన్ని తిట్టుగా వాడొద్దని కేంద్ర ఎన్నికల సంఘం 2023 డిసెంబరులో పార్టీలకు స్పష్టంగా చెప్పింది. పొద్దున ఆ మాటలతో ప్రసంగించి సాయంత్రం దివ్యాంగుల ఆత్మీయ సమావేశానికి వచ్చేవాళ్ళ మార్కులు నేనైతే కోసేస్తాను.

ఇంటికి వచ్చినప్పుడు నమస్కారాలు, దండాలు అయ్యాక ఒక్క నిమిషమే దొరుకుతుంది. "పింఛను సంగతి పక్కన పెట్టండన్నా. మన సచివాలయం మెట్ల దగ్గర ఎప్పటికల్లా ర్యాంపు వేయిస్తారో చెప్పండి" అని ఒకే పని, ఒకే గడువు అడగండి. పది కోరికలు చదివితే "అన్నీ చేద్దామమ్మా" అని నవ్వి పక్క గుమ్మానికి వెళ్ళిపోతాడు. వీలైతే పక్కనున్నవాళ్ళతో ఆ జవాబు ఫోనులో వీడియో తీయించండి. అతనికి తెలిసేలానే.

ఓటు వేసేటప్పటి సంగతి ఒకటి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ళు 12డి ఫారం ఇచ్చి ఇంటినుంచే ఓటేయొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి కాబట్టి ముందే బీఎల్‌వోను (బూత్ స్థాయి అధికారిని) కలవాలి. బూత్‌కే వెళ్ళే చూపులేనివాళ్ళు 18 ఏళ్ళు నిండిన తోడును తీసుకెళ్ళొచ్చు. ఆ తోడు అదే రోజు ఇంకొకరికి తోడు రాకూడదు. పార్టీ ఏజెంటు "నేను నొక్కిస్తాలే పెద్దమ్మా" అంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. మీటలు ఉన్న యూనిట్ మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి.

ఇన్ని చూశాక కూడా ఇద్దరు సమానంగా తేలితే, ఇద్దరి ఆఫీసులకూ ఒకసారి వెళ్ళి రండి. చంకకర్రలతోనో, వీల్‌చైర్‌తోనో ఒక మనిషి లోపలికి వెళ్ళి కూర్చోగలిగిన ఆఫీసు ఎవరిదో వాళ్ళకు వేయండి. రెండూ మూడో అంతస్తులో లిఫ్టు లేకుండా ఉంటే, మీరు కిందే ఉన్నారని కబురు పంపినప్పుడు దిగి వచ్చినవాళ్ళకు వేయండి.